పద్నాలుగో గడి

దరఖాస్తులో పదిహేను గడులున్నాయి. పేరు, వయసు, రక్తపు గ్రూపు, సైకిలు రకం మొదలైన పదమూడు గడుల వరకు నాకు అభ్యంతరం లేదు. పద్నాలుగో గడి ఎదుట తమిళంలో అచ్చయిన వాక్యాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: “మహిళలైతే తండ్రి, భర్త లేక కుమారుని సమ్మతి సంతకం.” పదిహేనో గడి దరఖాస్తుదారు సంతకానిది. పద్నాలుగు నిండనిదే పదిహేను చెల్లదని కింద చిన్న అక్షరాల్లో వేశారు.

నా పేరు అమృతవల్లి. వయసు అరవై మూడు. తిరువళ్ళూరులో ఒక ప్రభుత్వ పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పాను. ఆ కాలంలో నేను సంతకం చేసిన మార్కుల పట్టికను గాని, బదిలీ పత్రాన్ని గాని ‘మీ ఇంటాయన సంతకం ఏది?’ అని ఎవరూ తిప్పి పంపలేదు. పదవీ విరమణ తరువాత సైకిలు పట్టాను. అయిదేళ్ళుగా, వాన పడని ప్రతి ఉదయమూ పూండి జలాశయం వరకు వెళ్ళి వస్తున్నాను. రెండువందల కిలోమీటర్ల కొండదారిని పదమూడున్నర గంటల్లో ముగించే ఒకరోజు యాత్రను మా ఊరి మలైపాదై సైకిల్ సంఘం కార్తీక అమావాస్య ఆదివారానికి ఏర్పాటు చేసిందని తెలిసి, వెళ్ళి దరఖాస్తులు తెచ్చుకున్నాను. రెండు తెచ్చాను.

రెండోది కోకిలకు. పొదటూరుపేటలో మా పుట్టింటికి ఆమెది పక్కిల్లు. వయసు నలభై తొమ్మిది. పదిహేనో ఏట గుంతమగ్గంలో దిగింది, ఇప్పటికీ లుంగీలు నేస్తూనే ఉంది. ముప్పై నాలుగేళ్ళు మగ్గం పలకలు తొక్కిన కాళ్ళకు కొండ ఎక్కడం పెద్ద పని కాదని, నేను ఊరికి వెళ్ళినప్పుడల్లా నా సైకిలు తీసుకుని పళ్ళిపట్టు దాకా పోయివచ్చి ఆమె నాకు నిరూపించింది. అమావాస్యనాడు నేతవాళ్ళు మగ్గం ముట్టరు. నెలలో ఆమెకు దొరికే సెలవు ఆ ఒక్క రోజే. అయితే భర్త ధనకోటి సంతకం పెట్టనన్నాడు. కారణం చెప్పలేదు, చెప్పవలసిన అవసరం ఉందని అతనికి తోచలేదు.

నా భర్త శివప్రకాశం అటువంటి మనిషి కాదు. ఫారం చూడగానే జేబులోంచి పెన్ను తీశారు.

“సంతకమే కదా, ఇట్ల ఇయ్యి. రెండు పెడతా, ఒకటి స్పేరుకి ఉండనీ.”

“మీ సంతకం నాకు వద్దు.”

“నలభై ఏండ్లుగా రేషన్ కార్డులో పెట్టుకోనుండావే?”

“అది బియ్యానికి. ఇవి నా కాళ్ళు.”

ఆయన పెన్నుకు మూత పెట్టేశారు. “అట్లయితే పోయి కొట్లాడుకో. నాకు దోసె పోసిపెట్టి పో.”

ఆయన ఇవ్వబోయారు గనుకనే సంగతి నాకు మరింత స్పష్టమైంది. ఇచ్చేవాడు మంచివాడైనంత మాత్రాన అడగవలసి రావడం న్యాయమైపోదు. నేను చెయ్యి చాపితే దాటగల గడి దగ్గర కోకిల ఆగిపోయింది.

సంఘానికి కార్యదర్శి నందకుమార్. తిరువళ్ళూరులో సైకిళ్ళ షాపు నడుపుతున్నాడు. ఆరో తరగతి సగం వరకు నా తెలుగు తరగతిలో కూర్చున్నవాడే; తరువాత వాళ్ళ నాన్న తమిళ సెక్షనుకు మార్పించాడు. ఆ సంవత్సరం అలా తొమ్మిది మంది వెళ్ళారు. నేను రిటైరయ్యేనాటికి తెలుగు సెక్షను గదిలో సైన్సు సామాను పెట్టుకున్నారు.

“సేఫ్టీ కోసరం టీచర్, సుమ్మా ఊరికే ఒక ఫార్మాలిటీ,” అన్నాడు నందకుమార్.

“మగవాళ్ళకు సేఫ్టీ అక్కరలేదా?”

“వాళ్ళు మగవాళ్ళు కదా టీచర్.”

“అది నాకు తెలుసు. పోయిన యాత్రలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నది ఎవరు?”

“మన యువరాజ్.”

“అతని ఫారంలో భార్య సంతకం ఉండిందా?”

మూలన కూర్చుని ట్యూబుకు గాలి కొడుతున్న అభినయ, నందకుమార్ చెల్లెలు, నవ్వు దాచుకోవడానికి చక్రం వెనక్కి తల వంచింది.

“ఇప్పుడు మీకేమి కావాల టీచర్?”

“నేను ఆ గడి ఖాళీగా పెట్టి వస్తాను. సమయంలోపల ముగిస్తే, వచ్చే యాత్ర నుంచి మీరు ఆ గడి తీసేయాల.”

“ముగించలేకపోతే?”

“ఇంకెప్పుడూ అడగను.”

అతడు నా నెరిసిన జుట్టును చూశాడు. గోడమీది మ్యాపులో కార్వేటినగరం కొండలను చూశాడు. తరువాత ఒప్పుకున్నాడు. ఏమి ఊహించి ఒప్పుకున్నాడో నాకు అర్థం కాకపోలేదు. ఒప్పందాన్ని తమిళంలో రెండు ప్రతులు రాశాను. ఇద్దరం సంతకాలు చేశాం. అతని భార్య సంతకం నేను అడగలేదు.

ఆదివారం ఉదయం అయిదింటికి షాపు ముందు ఏడుగురం నిలబడ్డాం, నందకుమార్‌తో కలిపి ఆరుగురు యువకులు, నేను. వెనకాల వ్యాను, దాన్ని నడిపేది మునియప్ప. వ్యాను ఎక్కినవారు యాత్రలో లేనట్టే లెక్క. తిరుత్తణి కొండమీద ఒక ముద్ర, కార్వేటినగరంలో ఒక టీ కొట్టు దగ్గర ఒక ముద్ర, తిరిగి ఇదే షాపు దగ్గర చివరి ముద్ర. సాయంత్రం ఆరున్నరకు ముద్ర వేసే బల్ల ఎత్తేస్తారు. షాపు దగ్గర బల్ల అభినయది.

యువరాజ్ నా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. “ఏ సంవత్సరం మోడల్ టీచర్? సైకిల్‌దే అడగతా ఉండా.”

“నీ చేతి కట్టు విప్పినదానికన్నా ముందుదే,” అన్నాను.

వాళ్ళు పది నిమిషాల్లో కనుమరుగయ్యారు. నేను దాన్ని పట్టించుకోలేదు. వేగం వాళ్ళ వ్యవహారం. నాకు కావలసింది గంటకు పదహారు కిలోమీటర్లు, అది తగ్గకుండా. కనకమ్మసత్రం దాటేసరికి తెల్లవారింది. ఇటుక బట్టీల పొగ పొలాలమీద అడ్డంగా పరుచుకుని ఉంది. తిరుత్తణిలో మెట్లదారి పక్కనుంచి ఘాట్ రోడ్డుకు తిరిగి, అతి చిన్న గేరు వేసుకుని, కారు హారన్లు విననట్టే ఎక్కాను. పైన ముద్ర వేయించుకుంటూ ఉండగా పూలమ్మే ఆమె నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

“యాడ నుంచి వస్తా ఉండావు తల్లీ?”

“తిరువళ్ళూరు నుంచి.”

“సైకిల్ మీదనా? ఏం మొక్కుకోనుంటివి?”

“మొక్కుబడి కాదు. ఒక తప్పు దిద్దించాలని.”

“సామి చూసుకుంటాడులే.”

“ఇది సామి రాసిన ఫారం కాదమ్మా. నేనే చూసుకోవాల.”

ఆమె నవ్వి, ఒక మూర మల్లెపూలు సైకిలు హ్యాండిలుకు తనే చుట్టింది. వద్దనే సమయం నా దగ్గర లేదు.

తొమ్మిదింటికి పొదటూరుపేట చేరాను. ఏ ఆదివారమైనా మరమగ్గాల టకటకలకు మాట వినిపించని వీధి అది. ఆ రోజు అమావాస్య కావడంతో చేతిమగ్గమూ మరమగ్గమూ రెండూ ఆగి, కోళ్ళు గీరుకోవడం కూడా వినిపిస్తోంది. కోకిల వీధి మొగలోనే చెంబుతో రాగి అంబలి పట్టుకుని నిలబడి ఉంది. అరుగుమీద ధనకోటి తమిళ దినపత్రిక చదువుతున్నాడు.

“నిలబడుకోనే తాగక్కా, కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయి,” అంది కోకిల.

“ఏమి వదినా,” ధనకోటి పత్రిక దించకుండానే పలకరించాడు. “బస్సులన్నీ నిలిపేసినారా?”

“బస్సులున్నాయి ధనకోటీ. ఎక్కేదానికి ఎవరి సంతకమూ అడగరు కూడా.”

“మా కోకిల నేను చెప్పిన మాట వినే మనిషి. ఆమెకు ఇవన్నీ వేండాం, అక్కరలేదు.”

“ఆమెను అడిగినావా?”

“అడగాల్నా? ఇంట్లోనే ఉంది కదా,” అన్నాడు. ఇంట్లో ఉండడమే జవాబని అతని నమ్మకం.

కోకిల చెంబు తీసుకుంటూ, కొంగు కింద దాచిన కాగితాన్ని నా సంచిలో పెట్టింది. ఊరు దాటాక ఆగి విప్పి చూశాను. దరఖాస్తు. పదమూడు గడులూ తమిళంలో, నూలు కట్టలమీద చీటీలు రాసే గుండ్రని దస్తూరీలో నింపింది. పద్నాలుగు ఖాళీ. పదిహేను కూడా ఖాళీ. భర్త పెట్టనిదే తను పెట్టకూడదనుకుంది. మడిచి లోపల పెట్టుకున్నాను. ఆ ఊరి దాకా నేను ఒక సూత్రం కోసం తొక్కుతున్నాను. అక్కడి నుంచి ఆ కాగితం కోసం తొక్కాను. సూత్రంకన్నా కాగితం బరువు.

పళ్ళిపట్టు దాటి ఆంధ్రలోకి రాగానే నేల లేవడం మొదలైంది. పది రోజుల కింద కురిసిన వానలకు కొండలు పచ్చబడ్డాయి గాని, బండరాళ్ళు అప్పుడే వేడెక్కుతున్నాయి. కార్వేటినగరం వైపు దారి ఒక కొండను చుట్టి, దిగినట్టే దిగి, ఇంకో కొండను పట్టుకుంటుంది. ఒక్కొక్క మలుపు దగ్గర ఇదే ఆఖరిదని అనిపిస్తుంది. మలుపు తిరిగాక ఆఖరిది ఇంకా పైన కనిపిస్తుంది. మూడో ఎక్కుడులో గంటకు ఆరు కిలోమీటర్లకు పడిపోయాను. ఎడమ మోకాలి లోపల సూది గుచ్చినట్టుంది. మునియప్ప వ్యానును నా పక్కకు తెచ్చి, అద్దం దించాడు.

“టీచరమ్మా, లోపల ఏసీ ఉంది.”

“ఉండనీ.”

“బిస్కెట్టు కూడా ఉంది. ఎక్కొద్దు, సుమ్మా పట్టుకోండి చాలు, నేను మెల్లగా లాక్కోని పోతా. ఎవురికి తెలస్తాది?”

“నాకు తెలుస్తుంది మునియప్పా. వెనక్కి పో. నీ పొగ నా ముక్కులోకి వస్తా ఉంది.”

దిగి తోసుకుంటూ నడిచాను. నడవకూడదని నిబంధనల్లో లేదు. ముందు రోజే చదివి చూసుకున్నాను. నూట నలభై అడుగులు నడిచి, నొప్పి తగ్గాక మళ్ళీ ఎక్కి తొక్కాను. ఈ వయసులో ఇదెందుకని అడిగేవాళ్ళకు నా దగ్గర ఒక జవాబుంది. ఈ వయసులో ఏమి చేయవచ్చో వాళ్ళు ఒక పట్టిక తయారుచేసి ఇస్తే, నేను దాన్ని ఎర్ర సిరాతో దిద్ది ఇస్తాను. పై అంచుకు చేరినప్పుడు గాలి ఎదురుగా వచ్చి చెమటను చల్లబరిచింది. అవతల కొండలు ఒకదాని వెనక ఒకటి, చివరిది ఆకాశం రంగులో. అరనిమిషం చూశాను. అంతకన్నా ఎక్కువ ఇవ్వలేకపోయాను.

పదకొండూ నలభైకి కార్వేటినగరంలో టీ కొట్టు. కొట్టు నడిపే సుగంధి ముద్ర వేసి, టీ గ్లాసు చేతికిచ్చింది. అప్పుడే ఫోను మోగింది. సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో. పుత్తూరులో భోజనం చేసి, నారాయణవనం దాటి, ఆరుగురూ ఒక దారి చీలిక దగ్గర వరసగా నిలబడి బొటనవేళ్ళు ఎత్తి నవ్వుతున్నారు. వాళ్ళ వెనక తారు పీపాకు కట్టిన బోర్డు. దానిమీద ఎర్ర రంగుతో తెలుగులో చేత్తో రాసిన మూడు వరుసలు. యువరాజ్ ఆ బోర్డుమీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఫోటో కింద నందకుమార్ ఇంగ్లీషులో రాశాడు: నేరుగా వెళ్తున్నాం, అందరూ ఇదే దారి.

ఫోటోను పెద్దది చేశాను. బోర్డుమీద ఉన్నది ఇది:

‘కాజ్‌వే కొట్టుకుపోయినది. నేరుగా దారి లేదు. కుడివైపు వెళ్ళవలెను.’

సుగంధి నా భుజం మీదుగా తొంగి చూసింది. “వీళ్ళేందమ్మా, దారి లేదనే బోర్డు పక్కన నిలబడుకోని నవ్వతా ఉండారు?”

“నిజంగానే దారి లేదా?”

“మా ఇంటాయన నిన్న పోయి తిరిగొచ్చినాడు. పన్నెండు కిలోమీటర్లు పోయినాక ఏరు. నడుముల్లోతు నీళ్ళు. వీళ్ళకు చదువు రాదా పాపం?”

“ఒకరు ఇంజనీరు, ఇద్దరు బ్యాంకు,” అన్నాను. “ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదివేది తమిళం.”

నందకుమార్‌కు ఫోను చేశాను. “ఆ దారి లేదు. వెనక్కి తిరగండి.”

“మ్యాప్‌లో చూపిస్తా ఉంది టీచర్. నీలం గీత స్ట్రెయిట్‌గా పోతా ఉంది.”

“మీ వెనక బోర్డులో ఏమి రాసుంది?”

“అది ఏదో ఊరి వెల్‌కమ్ బోర్డు టీచర్. ఎర్ర పెయింట్‌లో బాగుందని ఫోటో తీసుకుంటిమి.”

“వెల్‌కమ్ కాదు. కాజ్‌వే కొట్టుకుపోయిందని రాసుంది.”

వెనక నుంచి యువరాజ్ గొంతు స్పష్టంగా వినిపించింది: “టీచర్‌కి కాళ్ళు అయిపోయినట్టుంది అన్నా, షార్ట్‌కట్ వెతుకుతా ఉంది.”

నందకుమార్ గొంతు సవరించుకున్నాడు. “టీచర్, రూట్ మారితే లెక్కలోకి రాదు. ముందే చెప్పేస్తా ఉండాను.”

“ముందే చెప్పినావు. గుర్తు పెట్టుకో,” అని పెట్టేశాను.

ఒంటిగంటకు నేను ఆ చీలిక దగ్గరికి వచ్చాను. బోర్డు కిందపడకుండా పీపాలో రాళ్ళు నింపారు. అక్షరాలు పెద్దవి, గుండ్రనివి, తప్పు లేనివి. రాసినవారెవరో శ్రద్ధగల మనిషి. వెనక వ్యానులో మునియప్ప ఫోను మోగింది. విన్నాడు, మొహం అటూ ఇటూ తిప్పాడు, దిగి నా దగ్గరికి వచ్చాడు.

“ఏట్లో దిగినారంట టీచరమ్మా. యువరాజ్ చక్రం రాళ్ళ సందులో ఇరుక్కోని వంగిపోయిందంట. ట్రాక్టరు వస్తాదని గంటసేపు కాచుకోనుండిరంట, రాలే. వ్యాను రమ్మంటా ఉండారు.”

“ఎవరికైనా దెబ్బ తగిలిందా?”

“దెబ్బేమీ లేదు. బురదే.”

“అయితే పో.”

“మీరు?”

“నేను కుడివైపు.”

“ఒంటిగానా? నందన్న అది రూటు కాదంటాడే?”

“బోర్డు రూటంటా ఉంది. నందన్న కట్టింది కాదు ఈ రోడ్డు.”

మునియప్ప కాసేపు తల గోక్కుని, వ్యానులోంచి రెండు నీళ్ళ సీసాలూ బిస్కెట్ల పొట్లమూ తెచ్చి నా సంచిలో పెట్టాడు. వ్యాను నేరుగా వెళ్ళింది. నాకు మిగిలింది ఎనభై తొమ్మిది కిలోమీటర్లు, అయిదున్నర గంటలు. చుట్టుదారి వల్ల పెరిగిన ఆరు కిలోమీటర్లు అందులోనే. ఇక ఎక్కమనడానికి కూడా ఎవరూ లేరు.

ఆ మధ్యాహ్నం గురించి చెప్పవలసింది తక్కువ. కుడి దారి చెరకు తోటల మధ్య నుంచి పోయి, పిచ్చాటూరు దగ్గర పెద్ద రోడ్డులో కలిసింది. నాగలాపురం వరకు ఎడమచేతి వైపు కొండలు నాతోపాటే నడిచాయి. గంటకోసారి దిగాను, బిస్కెట్లు తిన్నాను, మోకాలికి నీళ్ళు కొట్టాను. ఊత్తుక్కోట దాటి తమిళ బోర్డులు మొదలైన కొద్దిసేపటికే వెనక టైరు కూర్చుంది. నాలుగున్నర అయింది. రోడ్డు పక్కన గేదెలను తోలుకుపోతున్న ముసలాయన ఆగి, నేను చక్రం ఊడదీయడం చూసి, “ఎవరైనా మగపిల్లగాణ్ణి పిల్చుకోని రావల్నా?” అని అడిగాడు.

“వద్దు. ఈ స్క్రూలు అటూ ఇటూ పోకుండా పట్టుకోండి.”

ఆయన రెండు అరచేతులూ దొప్పగా పట్టి, నేను టైరులోంచి ముల్లు లాగి ట్యూబు మార్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఆ లోపల ఆయన గేదెలు వాటంతట అవే ఇంటికి వెళ్ళిపోయాయి. పదకొండు నిమిషాలు పట్టింది. పూండి కట్టమీదికి వచ్చేటప్పటికి నీళ్ళలో వెలుగు ఆరిపోతోంది. అయిదేళ్ళుగా ప్రతి ఉదయమూ తిరిగిన దారి అది. ఏ గుంత ఎక్కడుందో కాళ్ళకు తెలుసు.

షాపు ముందు బల్ల ఉంది. బల్ల వెనక అభినయ ఉంది. మెట్లమీద తడి బూట్లు పక్కన పెట్టుకుని ఆరుగురూ కూర్చున్నారు. బురద ఎండి వాళ్ళ కాళ్ళు ఒకే రంగుకు తిరిగాయి. నేను దిగి కార్డు చాపాను.

“ఆరూ ఇరవై రెండు,” అని గట్టిగా చదివి, అభినయ ముద్ర వేసింది. “అయిదింటికే బల్ల ఎత్తేయమని అన్న ఫోన్ చేసినాడు టీచర్. అందరూ అవుట్ అంట. ఆరున్నర వరకని నేనే ఫారంలో టైప్ చేసుండా కదా, అందుకని ఎత్తలే.”

నందకుమార్ లేచి నిలబడ్డాడు. “టీచర్, మీ ఓపికకు దండం పెడతా. నిజంగా. కానీ రూట్ మారినారు. ఇది లెక్కలోకి రాదు.”

నేను ఒక గ్లాసు నీళ్ళు పూర్తిగా తాగాను. తరువాత సంచిలోంచి వాళ్ళ సంఘం నిబంధనల కాగితం తీసి, ఏడో అంశం చదవమన్నాను. తమిళంలో ఉంది గనుక చదివాడు: “రహదారి సూచనలను తప్పక పాటించాలి. పాటించనివారు యాత్ర నుంచి తొలగింపబడుదురు.”

“ఇప్పుడు ఇది చదువు,” అని ఫోనులో వాళ్ళ ఫోటోను పెద్దది చేసి అతని ముందు పెట్టాను. వాళ్ళ నవ్వులు పక్కకు పోయి, ఎర్ర అక్షరాలు తెర నిండా నిలిచాయి.

అతడు చూశాడు. పెదవులు ఒక్కసారి కదిలాయి. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు.

“ఇంట్లో ఇదే మాట్లాడతాం టీచర్,” అన్నాడు చివరికి. “చదివేదానికి రాదు.”

“నాకు తెలుసు. నువ్వు ఆ గదిలోంచి పుస్తకాల సంచి తీసుకుని లేచిపోయిన రోజు కూడా గుర్తుంది. దాన్ని గురించి ఇప్పుడు మాట్లాడను.” బోర్డును నేనే చదివాను, ఒక్కొక్క వరుసా విడిగా. “ఈ దారిలో సూచనను పాటించింది ఒక్కరు. ఆ ఒక్కరి దగ్గర భర్త సంతకం లేదు. మీ ఏడో అంశం ప్రకారం తొలగింపబడవలసింది ఎవరో మీరే చెప్పండి.”

యువరాజ్ ఫోను దగ్గరికి వంగి, “అయ్యయ్యో, దాని మీదనే చెయ్యి పెట్టుకోని నిలబడుండానే,” అన్నాడు. ఒకడు కిసుక్కుమన్నాడు. అభినయ బాహాటంగానే నవ్వింది.

నందకుమార్ నవ్వలేదు. లోపలికి వెళ్ళి, గల్లాపెట్టెలోంచి మా ఒప్పందం ప్రతిని తెచ్చి బల్లమీద పెట్టాడు. “సరి టీచర్. మాటంటే మాటే. వచ్చే అమావాస్యకు ఆ గడి లేకుండా కొత్తగా అచ్చు వేయిస్తా.”

“వేయించు. ఇప్పుడు ఉన్న ఫారాలు ఎన్ని?”

“ఒక యాభై ఉంటాయి. పారేద్దాం.”

“పారేయొద్దు. ఇటు తీసుకురా. స్కేలు కూడా.”

సంచిలో ఎర్ర సిరా పెన్ను లేకుండా నేను ముప్పై ఏళ్ళుగా ఎక్కడికీ వెళ్ళలేదు. బల్ల దగ్గర కూర్చుని, స్కేలు ఆనించి, మొదటి ఫారంలో పద్నాలుగో గడిమీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశాను. రెండోది. మూడోది. అభినయ లోపలి నుంచి ఇంకో స్కేలు తెచ్చుకుని, అడగకుండానే సగం కట్ట తనవైపు లాక్కుంది. యువకులు నిలబడి చూస్తున్నారు. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు, ఉండమనీ చెప్పలేదు. ప్రతి గీత కిందా నందకుమార్ చేత పొట్టి సంతకం పెట్టించాను. నలభై ఏడో ఫారం దగ్గర అతడు మెల్లగా, “టీచర్, చెయ్యి నొప్పి పుడతా ఉంది,” అన్నాడు.

“ఇంకా మూడు ఉన్నాయి,” అన్నాను.

అవి అయ్యాక కోకిల దరఖాస్తు తీసి అన్నిటికన్నా పైన పెట్టాను. చెమటకు అంచు తడిసింది గాని అక్షరాలు చెదరలేదు. దానిమీద కూడా గీత గీసి, నందకుమార్ చేత సంతకం పెట్టించి, ఫోను చేశాను. వెనకాల అన్నం గిన్నెల చప్పుడు, ధనకోటి ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు.

“ముగించినావా అక్కా?” అంది కోకిల.

“ముగించినాను. నీ ఫారం తీసుకుని రేపు వస్తాను. నువ్వు సంతకం పెట్టాల.”

ఆమె గొంతు తగ్గించి అడిగింది: “ఆయన పెట్టలేదు కదక్కా. నేను యాడ పెట్టాల?”

“పదిహేనో గడిలో,” అన్నాను. “దరఖాస్తుదారు అని రాసుండే చోట.”